పళ్ళాయన

“అయ్యయ్యో, ఆగమ్మా! అది వేడినీళ్ళ కుళాయి!”

ఆ కేకకు కాలేజీ అమ్మాయి ఉలిక్కిపడింది. పళ్ళకు తొడుక్కునే ట్రే చేతిలోంచి వాష్‌బేసిన్‌లో పడింది.

పళ్ళ క్లినిక్కులో డాక్టరు కోసం కూర్చున్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. రిసెప్షనిస్టుకు మాత్రం చూడాల్సిన పని లేకపోయింది. శనివారం పదకొండయ్యేసరికి ఊడిపడతాడు మహానుభావుడు. అపాయింట్‌మెంటు ఉండదు, పంటినొప్పీ ఉండదు. అందుకే ఆమె ఆయనకు పళ్ళాయన అని పేరు పెట్టుకుంది.

“వేడి తగిలితే ట్రే వంకరపోతుంది తల్లీ. ఇక అది పంటిని ఎటు తోస్తుందో దానికే తెలీదు,” అంటున్నాడు పళ్ళాయన. “చల్లటి నీళ్ళు, మెత్తటి బ్రష్షు, ఒక్క చుక్క చేతులు కడుక్కునే సబ్బు. అంతే. పేస్టు పెట్టి రుద్దుతున్నావా ఏంటి?”

“రోజూ రుద్దుతానండీ. తళతళలాడాలని.”

“అదే, అందుకే మసకబారింది. పేస్టుతో గీతలు పడతాయి, ఆ గీతల్లో పాచి చేరుతుంది. ఏదీ, డబ్బా చూపించు.”

అమ్మాయి డబ్బా మూత తీసింది. గుప్పుమంది.

“తడి ట్రేని మూతపెట్టి దాచేస్తే కంపు కొట్టక ఏం చేస్తుంది? డబ్బానీ కడగాలి, ఆరబెట్టాలి. అన్నట్టు, పై వరసలో నీ కుడి కోరపన్ను కాస్త తిరిగి ఉండాలే? ఆఁ, ఉంది ఉంది. బాగానే దారికొస్తోంది.”

రిసెప్షనిస్టుకు ఒళ్ళు మండింది. ముక్కూమొహం తెలియని ఆడపిల్ల నోట్లోకి తొంగిచూడటమేమిటి, విడ్డూరం కాకపోతే!

కనబడని ట్రేలతో పళ్ళు సరిచేసే వైద్యం అక్కడ ఏడాది కిందటే మొదలైంది. ఆ పని చూసుకోవడానికే డాక్టరమ్మ ఆమెను పెట్టుకుంది. జనానికేం, ట్రేలను వంచేసేవాళ్ళు, విరిచేసేవాళ్ళు, భోజనానికి ముందు టిష్యూలో చుట్టి, మరిచిపోయి చెత్తబుట్టలో పారేసి వచ్చేవాళ్ళు. మళ్ళీ చేయించేలోపు పళ్ళు మొదటికొచ్చేవి. “ఇలాగైతే ఈ వైద్యమే ఆపేస్తా,” అంది డాక్టరమ్మ ఒకరోజు. ఆపేస్తే రిసెప్షనిస్టు ఇంటికి వెళ్ళాల్సిందే. ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే.

దేవుడి దయవల్ల కొన్నాళ్ళుగా ఆ గొడవ తగ్గింది. “నువ్వు పేషెంట్లకి బాగా చెబుతున్నట్టున్నావే!” అని డాక్టరమ్మ మెచ్చుకుంది కూడా. కాదనడానికి ఆమెకు నోరు రాలేదు.

“ఏమండీ, ఇలా రండి,” అని పిలిచింది పళ్ళాయనను. “మీరు ఏ క్లినిక్కు తరఫున వస్తున్నారు?”

“ఎవరి తరఫునా కాదమ్మా.”

“మరి మా పేషెంట్లతో మీకేం పని?”

“ఊరికే... చెబితే వింటారు కదా అని.”

“చెప్పడానికి మేం లేమా? పక్క సందులో కొత్తగా క్లినిక్కు తెరిచారు, వాళ్ళేగా పంపింది? మీ సలహాలు అక్కడే చెప్పుకోండి. మళ్ళీ ఈ గుమ్మం తొక్కారంటే డాక్టరుగారితో చెప్పాల్సి వస్తుంది.”

“ఆవిడ దాకా ఎందుకులే తల్లీ,” అంటూ లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. “ఆ వేడినీళ్ళ కుళాయి మాత్రం కట్టేయించు.”

పోతూ పోతూ పని పురమాయిస్తున్నాడు చూడు, అనుకుంది ఆమె.

ఆ తర్వాతి శనివారం ఆయన రాలేదు. పీడ విరగడైందని హాయిగా ఊపిరి పీల్చుకుంది.

మూడు నెలలు తిరక్కుండానే ఒక బస్సు కండక్టరు తన ట్రే తీసి ఆమె బల్లమీద పెట్టాడు. తీయకుండా టీ తాగాడట. అది అప్పడంలా ముడుచుకుపోయింది. ఇంకొకావిడ ట్రే పసుపురంగుకు తిరిగింది. కాలేజీ అమ్మాయి తన ట్రేని టిష్యూతో సహా పారేసింది. వచ్చినవాళ్ళంతా ఒకటే అడిగారు.

“ఆ పెద్దాయన రావడంలేదా అండీ?”

డాక్టరమ్మ మొహం మాడ్చుకుంది. “ఏమైంది నీకు? ఇదివరకు చెప్పినట్టే చెప్పవచ్చుగా వాళ్ళకి?”

ఇదివరకు తను ఏం చెప్పిందని?

పాడైనవాటిని మళ్ళీ చేయమని రిసెప్షనిస్టు ట్రేలు తయారుచేసే ల్యాబుకు ఫోన్ చేసింది.

“ఆలస్యమవుతుందమ్మా,” అన్నాడు ల్యాబు మేనేజరు. “అంచులు కత్తిరించి నున్నగా చేసే మనిషి ఇప్పుడు ఒక్కడే. ఇదివరకు ఇంకో పెద్దాయన ఉండేవాడు. మీ క్లినిక్కు ట్రేలన్నీ ఆయన చేతిమీదుగా వచ్చినవే. మొహం చూడకుండానే ఎవరి పళ్ళు ఎలా ఉంటాయో గడగడా చెప్పేసేవాడు. పాడైన ట్రే వెనక్కి వచ్చిందంటే ఆ పూట ముద్ద దిగేది కాదు. శనివారం మాకు సెలవు, మీ దగ్గరికే వెళ్ళి వాళ్ళకి నాలుగు మాటలు చెప్పొస్తానని బయల్దేరేవాడు. వచ్చేవాడా?”

“వచ్చేవారు,” అంది. “ఆయన నంబరు ఇస్తారా? ఒక్కసారి మాట్లాడాలి.”

“మేమూ చేస్తూనే ఉన్నామమ్మా, పనిచేయడంలేదు. గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడట.”

“ఎందుకు మానేశారు?”

“ఆయన మానలేదు, మేమే మాన్పించాం. మీ దగ్గర ట్రేలు పాడవడం తగ్గిపోయిందా, ఇక్కడ ఇద్దరికి పని లేకుండా పోయింది.”

“ఎప్పుడు?”

మేనేజరు తారీఖు చెప్పాడు.

ఆమె గోడమీది క్యాలెండరు కాగితాలు వెనక్కి తిప్పింది, శనివారాలు ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టింది.

పళ్ళాయనను తను వెళ్ళగొట్టిన రోజుకు, ఆయన ఉద్యోగం పోయి అప్పటికే నాలుగు వారాలయింది.