బాగుందనని అత్త

“రెండూ బాగున్నాయి బాబూ,” అన్నాడు ఇంటి ఓనరు పరదేశి, కుర్చీలోంచి లేస్తూ.

ఉదయ్‌కుమార్ తల పట్టుకున్నాడు. “రెండూ ఎలాగ బాగుంటాయండీ? ఏదో తేడా ఉంది. ఏది నచ్చలేదో అది సెప్పండి, చాలు.”

“అంత కష్టపడి సేసుకున్నావు. అన్నం తినే నోటితో బాగులేదని ఎలాగంటాను? కళ్లు పోతాయి,” అని పరదేశి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

చోడవరంలో ఎవరిని పిలిచి వినిపించినా ఇదే వరస. టీకొట్టాయన బెమ్మాండం అన్నాడు. లెక్కల మాస్టారు అద్భుతం అన్నారు. ఏది బ్రహ్మాండమో, ఏది అద్భుతమో ఇద్దరూ చెప్పలేదు.

మర్నాడు విశాఖపట్నం నుంచి ఆడియో షాపు యజమాని వస్తున్నాడు. ఉదయ్‌కుమార్ కట్టిన సీడీ పాటల డబ్బా నచ్చితే తన షాపులో పెట్టి అమ్ముతాడు. నచ్చకపోతే ఇతనికి మళ్లీ రేడియో రిపేర్లే.

సీడీ మీద ఉండేవి అంకెలు. డబ్బాలోని చిప్పు ఆ అంకెల్ని సన్నటి కరెంటుగా మారుస్తుంది. ఆ కరెంటుకి బలమిచ్చి పాటగా బయటికి పంపేది చివర్న ఉండే ఔట్‌పుట్ స్టేజి. దాన్ని అతను రెండు రకాలుగా కట్టాడు. ఒకే ఐసీ చిప్పుతో కట్టింది పాతది, విడి ట్రాన్సిస్టర్లతో కట్టింది కొత్తది. వెనకనున్న స్విచ్చి తిప్పితే పాట ఒకదాంట్లోంచి రెండోదాంట్లోకి మారుతుంది. విని విని అతని చెవులు మొద్దుబారిపోయాయి. మీటర్లని అడిగితే అవీ పరదేశిలాగే రెండూ బాగున్నాయన్నాయి.

“మా అమ్మని అడగండి,” అంది అతని భార్య హిమబిందు మెల్లగా.

అతను ఉలిక్కిపడ్డాడు. అప్పలనరసమ్మ కడుపుతో ఉన్న కూతుర్ని చూడ్డానికి చీడికాడ నుంచి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి అల్లుడితో ఒక్క మాట మాట్లాడలేదు. ఏదన్నా చెప్పాలంటే కూతురికి చెబుతుంది, అతనికి వినపడేలా.

“ఆవిడనా?”

“మీకు మంచి మాట సెప్పని మనిషి ఆవిడొక్కర్తే కదండీ.”

అతను కుర్చీ తుడిచి వేశాడు. తన మొహం చూసి ఆవిడ ఏమీ పోల్చుకోకూడదని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. డబ్బా వెనక స్విచ్చి దగ్గర బిందుని నిలబెట్టాడు. ఏది ముందు వినిపిస్తుందో అతనికీ చెప్పకూడదు.

సన్నాయి మొదలైంది.

“ఒసే బిందూ, సన్నాయి లేకుండా రిజిస్ట్రాఫీసులో పెళ్లి సేసుకున్నోడు సన్నాయి ఎలాగుందని అడుగుతన్నాడేటే?”

“అమ్మా, వినవే!”

“ఏటి వినడం? పీకలో నూక అడ్డం పడ్డట్టు గీరుకుంటంది.”

బిందు స్విచ్చి తిప్పింది.

“ఇప్పుడు తడిగోనె కప్పేసినట్టుంది. ఊదినోడికి ఊపిరాడద్దా?”

“మొదట పాతది, రెండోది కొత్తది,” అని చెప్పేసింది బిందు, గొడవవుతుందేమోనని భయపడుతూ.

ఉదయ్‌కుమార్ గోడవైపు నుంచి ఒక్క ఉదుటున లేచాడు. “తడిగోనె! అదే, అదే! కొత్తదాంట్లో కెపాసిటర్ పెద్దదైపోయింది బిందూ. పైస్వరాలన్నీ అదే మింగేస్తంది. అత్తయ్యా, మీకు దణ్ణం!”

నిజంగానే వంగి దణ్ణం పెట్టాడు. అప్పలనరసమ్మ తెల్లబోయింది. తిడితే దణ్ణం పెట్టేవాణ్ణి ఆవిడ ఇంతవరకూ చూడలేదు.

అతను మూత విప్పి పనిలో పడ్డాడు. గదంతా సోల్డరింగు పొగ. వేలు కాలితే విదిలించుకుని మళ్లీ వంగాడు. అప్పలనరసమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చూస్తోంది.

“నేనన్నానని ఇప్పదీసేస్తన్నాడేటే?”

“నీ మాట మీదే.”

“ఆ పరదేశి బాగుందన్నాడు కదా?”

“అది నమ్మితే రేపు పరువు పోయేదంట. అత్తయ్యే రాకపోతే మునిగిపోదుననేసి ఇందాకట్నుంచీ ఒకటే అనడం.”

ఆవిడ ఈనెలు తీస్తూనే ఉంది. చిక్కుడుకాయలన్నీ అయిపోయాయి.

“పెళ్లికి నన్నొక్క మాట అడిగినోడు లేడు,” అంది చివరికి, చేటకేసి చూస్తూ. “ఈ డబ్బాకి మాత్రం కుర్సీ ఏసి అడిగేడు.”

బిందు చిక్కుడుకాయల చేట అందుకుంది.

“తిన్నాడా?” అంది ఆవిడ మళ్లీ.

“లేదు.”

“అన్నం ఎట్టు మరి. సూస్తావేటి?”

ఎండ తగ్గేసరికి డబ్బా మూత పడింది. మళ్లీ కుర్చీ వేశారు. ఉదయ్‌కుమార్ గోడవైపు తిరిగాడు. బిందు డబ్బా వెనక నిలబడింది.

“అత్తయ్యా, మొహమాటపడకండి. ఇందాకటి కంటే గట్టిగా తిట్టండి. మీరు తిడితేనే నేను బాగుపడతాను,” అన్నాడు.

రోడ్డు మీద చెరుకు లారీ కిటికీలు గలగలలాడిస్తూ వెళ్లింది. దాని మోత తగ్గాక బిందు పాట పెట్టింది. సన్నాయి మొదలైంది. తిట్టు కోసం అతను వీపంతా చెవులు చేసుకుని కూర్చున్నాడు. తిట్టు రాలేదు.

“బాగుంది బాబూ,” అంది అప్పలనరసమ్మ, కూతురితో కాదు, అతనితోనే. “శానా బాగుంది.”

ఉదయ్‌కుమార్ ఇటు తిరిగాడు. కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయి రెండు చేతులూ జోడించాడు. “అత్తయ్యా, మీ మేలు జన్మలో మర్చిపోను. బిందూ, విన్నావా? అత్తయ్య నోటంట బాగుందన్న మాట! కొత్త స్టేజి నిలబడింది. ఇంక రేపు ఆ షాపాయన్ని రానీ!”

“ఏవండీ,” అంది హిమబిందు. కళ్లనిండా నీళ్లు, మొహం నిండా నవ్వు, వేలింకా స్విచ్చి మీదే ఉంది. “ఇందాకటి వరసలోనే పెట్టాను, కొత్తదానికి నేనింకా తిప్పనే లేదు. ఇది పొద్దుట అమ్మ తిట్టిన పాతదే.”