పిచ్చుకకు వచ్చిన బేరం

"లోపలికి నీళ్ళొస్తాయా?" అని అడిగాడు బేకరీ యజమాని, రేవు మెట్ల మీద నిలబడి పడవకేసి చూస్తూ.

"ఎందుకు రావండీ? వస్తాయి," అన్నాడు వాచీల మేస్త్రీ ఠక్కున. "వారానికి అర బకెట్టు. వాన పడితే బకెట్టు."

వెనక బెంచీ మీద చేతికర్ర ఆనించుకుని కూర్చున్న మేస్త్రీ భార్య నుదురు కొట్టుకుంది. అమ్మకానికి పెట్టిన పదకొండు నెలల్లో పడవ దాకా వచ్చిన మొట్టమొదటి బేరం ఇది. అదైనా పేపర్లో ప్రకటన చూసి ఫోన్ చేసి వచ్చింది కాదు. రేవు క్యాంటీనులో బ్రెడ్డు దించడానికొచ్చిన బేకరీ ఆయన, తెరచాప కొయ్యకు వేలాడుతున్న 'అమ్మబడును' బోర్డు చూసి ఆగాడు, అంతే. అలా కాళ్ళకడ్డం పడ్డ బేరాన్ని కూడా ఈ మహానుభావుడు తరిమేసేలా ఉన్నాడు.

ఆయన తప్పూ కాదు లెండి. వాచీ మూత తీశాక కనిపించిన రోగాలన్నీ ముందు చెప్పి, ఆ తర్వాతే డబ్బు మాట ఎత్తడం మేస్త్రీకి ముప్ఫై ఏళ్ళ అలవాటు. పడవ దగ్గరా అదే వరస.

"చుక్కాని కాస్త ఎడమకు లాగుతుంది. తెరచాపకు మూడు మాసికలున్నాయి. మూడోది మా కిటికీ తెరే," అని చెప్పుకుపోతున్నాడు. చెబుతూ చెబుతూ వంగి, మోకాలెత్తున ఉన్న పడవ అంచును అరచేత్తో నిమిరాడు. "పేరు పిచ్చుక. ఇరవై రెండేళ్ళుగా మాతోనే ఉంది. గాలి సరిగ్గా అందుకుందంటే మాత్రం, మన బరువు మనకే తెలీదండీ."

ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన మొహం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. బేకరీ ఆయనకూ వేసింది.

"ఇంత ఉన్నదున్నట్టు చెప్పే మనిషిని నేనింతవరకూ చూళ్ళేదు. కొంటే మీలాంటివాళ్ళ దగ్గరే కొనాలి. ఎంతకిస్తారో చెప్పండి," అన్నాడు.

మేస్త్రీ పడవ అంచును గట్టిగా పట్టుకున్నాడు. భార్య వైపు చూశాడు.

"నన్ను చూస్తారేం? కానివ్వండి!" అంది ఆవిడ మండిపడుతూ. "ఇన్ని చెప్పారు, మనిద్దరం రెండుసార్లు నీళ్ళలో పడ్డ సంగతొకటి మిగిలిపోయింది. అదీ చెప్పేస్తే పుణ్యం దక్కుతుంది!"

బేకరీ ఆయన మెట్టు మీంచి ఓ అడుగు వెనక్కి వేశాడు. "రెండుసార్లా?"

"మూడండీ," అన్నాడు మేస్త్రీ.

"ఇంట్లో ఓ మాట అడిగి చెప్తాను," అని బేకరీ ఆయన బ్రెడ్డు బండెక్కేశాడు. ఇంట్లో అడిగి చెప్తానన్న బేరం తిరిగొచ్చిన దాఖలా ఎక్కడైనా ఉందా?

దారి పొడుగునా ఆవిడ సాధిస్తూనే ఉంది. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మీ నోటికి ఊరు కాదు కదా, ఒక్క పడవ కూడా అమ్ముడుపోదు."

మేస్త్రీ నవ్వు కనబడకుండా మొహం పక్కకి తిప్పుకుని నడిచాడు. పడవ మిగిలిపోయినందుకు లోపల చంకలు గుద్దుకుంటున్నాడు మరి. ఆ వెంటనే సిగ్గూ వేసింది. అమ్మేయమన్నది ఆవిడే. మోకాలి ఆపరేషనయ్యి ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే, "ఇక నేను పిచ్చుక ఎక్కలేను. ఎవరో ఒకరికిచ్చేయండి, మీరొక్కరే ఏం తిరుగుతారు?" అని కళ్ళొత్తుకుంది. ఎదురుగా పడవ కనబడుతుంటే ఆవిడకెంత బాధో! పెళ్ళాం అడిగిన ఆ ఒక్క పనీ చేసిపెట్టలేకపోతున్నానని ఆయన దిగులు.

ఇంటికి రాగానే ఆవిడ కిటికీ ఊచలు పట్టుకుని పీట మీదికి ఎక్కడం, దిగడం మొదలుపెట్టింది. రోజూ ఉండే వ్యాయామమే.

"డాక్టరు జానెడు పీట చెప్పాడు కదా, ఇది మోకాలెత్తుంది! వడ్రంగి చేత ఇంత ఎత్తు ఎందుకు చేయించావే?" అన్నాడు మేస్త్రీ.

"నా మోకాలు, నా ఇష్టం. మీ సంగతి చూసుకోండి."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పదకొండు నెలలకి ఒక్క ఫోనూ రాలేదంటే ఏమనుకోవాలి? అంతా మోటారు పడవల మోజు. రేపు ధర సగానికి తగ్గించి, పేపర్లో మళ్ళీ పెద్దక్షరాలతో వేయిస్తాను. ఈసారి నా నంబరిస్తాను. నీకెందుకు శ్రమ?"

"మీకా? ఫోన్లో సగం వినపడదు, విన్న సగానికి రోగాల చిట్టా విప్పుతారు!" అంది ఆవిడ పీట దిగి. "నా నంబరే ఉంచండి. పాపం, అవసరం ఉన్నవాళ్ళు చేస్తారు, పద్ధతిగా మాట్లాడొద్దూ?"

"సరేలే, నీదే ఉంచుతాను," అన్నాడు మేస్త్రీ. ఎంత ఓపిక నా భార్యకి అనుకుంటూ, తువ్వాలు భుజాన వేసుకుని స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. లోపల నీళ్ళ చప్పుడుతో పాటు ఈల కూడా మొదలైంది. పిచ్చుక మీద ఉన్నప్పుడు వేసే ఈలే. ఆవిడ ఓ క్షణం నిలబడి విని నవ్వుకుంది. చేతికర్ర గోడకు ఆనించి, ఏ ఊచా పట్టుకోకుండా పీట మీదికి ఎక్కేసింది.

అంతలో ఫోను మోగింది.

ఆవిడ స్నానాలగది తలుపు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి అంది. "పడవకాండీ? అయ్యయ్యో, ఒక్కరోజు ముందు చేసుండాల్సింది, నిన్ననే అమ్మేశామండీ!"