ఆయన మనసులో మాట

“తప్పు చెప్తే ఏమవుతుందో తెలుసుగా?” అన్నాడు ఎముకల డాక్టరు, భార్య జుట్టు సవరిస్తున్నట్టు వంగి.

ఆమె తలూపింది. తెలియకపోవడమేం, ఒళ్ళంతా తెలుసు.

ఆస్పత్రి మేడమీద హాలు. స్టాఫంతా కుటుంబాలతో చేరిన పార్టీ. వేదిక మీద రెండు కుర్చీలు వీపులు ఆనించి వేశారు. ఆట పెద్ద కష్టమేం కాదు. ప్రశ్న అడగ్గానే భర్త తన జవాబు బోర్డు మీద రాసి దాచుకోవాలి. ఆయన ఏం రాసి ఉంటాడో ఊహించి భార్య మైకులో చెప్పాలి. అప్పుడు బోర్డు తిప్పి చూపిస్తారు. కలిస్తే చప్పట్లు, కలవకపోతే నవ్వులు. ఆడించేది మత్తు డాక్టరు. రోజంతా మనుషుల్ని నిద్రపుచ్చే ఉద్యోగం కదా, మెలకువగా ఉన్నవాళ్ళు దొరికితే వదిలిపెట్టడు. వీళ్ళ పేర్లు ఎవరిచ్చారో గాని, అందరూ ఒకటే గోల చేసేసరికి ఎముకల డాక్టరు కాదనలేకపోయాడు.

ఇంట్లోనూ ఇదే ఆట, చప్పట్లు ఉండవంతే. ఏ చొక్కా వేసుకుంటాడో, ఫ్యాను ఎంత జోరుగా తిరగాలో ఆయన నోరు తెరవకముందే ఆమెకి తెలిసిపోవాలి. తప్పితే దెబ్బ. ఎక్కడ కొడితే విరగదో, ఎలా కొడితే కమలదో ఎముకల డాక్టరుకి ఒకరు చెప్పాలా? తడి తువ్వాలు మెలిపెట్టి పొట్టమీద కొట్టేవాడు. మంచం కోడుకి కట్టేసి అరికాళ్ళ మీద కొట్టేవాడు. ఒకసారి తల బకెట్లో ముంచి పట్టుకుని, రెండో చేత్తో నాడి చూస్తూ కూర్చున్నాడు, ఎప్పుడు వదలాలో తెలియడానికి.

అన్నయ్య ఇంటికి పారిపోతే అన్నయ్య నమ్మలేదు. ఆయన బస్సు డ్రైవరు. యాక్సిడెంట్లో నుజ్జయిపోయిన కాలు తీసేయాల్సిందేనని అందరూ అంటే, బావే అతికించి నిలబెట్టాడు. “ఎక్కడే దెబ్బ? ఒక్కటి చూపించు. దేవుడులాంటి మనిషి మీద చాడీలు చెప్తే నీ నోరే పడిపోతుంది” అని కసిరి, తనే తీసుకొచ్చి దిగబెట్టి పోయాడు. ఆ రాత్రి జరిగింది చెప్పకపోవడమే మంచిది.

ఇప్పుడు ఆ అన్నయ్య ముందు వరసలో కాలు చాపుకుని కూర్చున్నాడు. డ్యూటీ ఉంది రానన్నవాణ్ణి, “నువ్వుంటే నాకు ధైర్యం అన్నయ్యా” అని ఫోను మీద ఫోను చేసి ఆమే రప్పించింది.

“మొదటి ప్రశ్న! డాక్టరుగారు పొద్దున్నే తాగేదేమిటి?”

ఆమె మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది. ఒకసారి అన్నయ్య వైపు చూసింది.

“పాలు. బోలెడు చక్కెర వేసుకుని.”

బోర్డు తిరిగింది. చక్కెర లేని కాఫీ.

“పాలు మరి ఎవరికిస్తున్నారమ్మా, పక్కింటాయనకా?” అన్నాడు మత్తు డాక్టరు. హాలు గొల్లుమంది. అందరికంటే గట్టిగా ఎముకల డాక్టరే నవ్వాడు. నవ్వుతూనే బోర్డు చాటునుంచి చెయ్యి వెనక్కి పోనిచ్చి, ఆమె మోచేతి లోపలి నరం వెతికి పట్టుకుని బొటనవేలితో నొక్కాడు. వేళ్ళ చివరిదాకా మంట పాకింది.

“రెండోది. ఆయన దేనికి భయపడతారు?”

“వాళ్ళమ్మకి.”

బోర్డు మీద ‘దేనికీ కాదు’ అని ఉంది. ఆపరేషన్ గదిలో ఆయన కేక వింటేనే హడలిపోయే నర్సులు ఒకరి భుజంలో ఒకరు మొహం దాచుకుని నవ్వారు. వెనకనుంచి ఎవరో ఈల వేశారు. ఎముకల డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి.

“ఇంకొక్కటి తప్పు చెప్పు, చంపేస్తాను,” అన్నాడు పెదాలు కదపకుండా. మాటవరసకి అనే రకం కాదు.

“ఆఖరిది. కోపమొస్తే ఏం చేస్తారు?”

ఆమె మళ్ళీ అన్నయ్య వైపు చూసింది. పాపం, బావ పరువు పోతోందని ఆయన తల పట్టుకున్నాడు.

“ఏడుస్తారు,” అంది. “బాత్రూంలో కుళాయి తిప్పుకుని.”

మత్తు డాక్టరు సహా అందరూ పొట్టలు పట్టుకున్నారు. కొందరు కుర్చీల్లోంచి జారిపోయారు.

బోర్డు తిప్పి చూపించే పని పడలేదు. దాని ఇనుప అంచు వచ్చి ఆమె నోటికి తగిలింది. రెండు పళ్ళు ఊడి మైకు మీద పడ్డాయి. ఆమె కింద పడగానే ముంజేతి మీద బూటుకాలితో తొక్కాడు. మెడ మీద మోకాలు వేసి తలని వేదిక చెక్కకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది, ప్రతి దెబ్బా స్పీకర్లలో హాలంతా మోగింది. పక్కన బోర్డు వెల్లకిలా పడి ఉంది. ‘మౌనంగా ఉంటాను’ అన్న అక్షరాల మీద నెత్తురు.

మొదట కదిలింది అన్నయ్యే. కుంటుకుంటూ వేదికెక్కి, బావ నిలబెట్టిన కాలితోనే బావ డొక్కలో తన్నాడు. కిందపడ్డవాణ్ణి మళ్ళీ లేవనివ్వలేదు. పోలీసులు వచ్చేసరికి సాక్ష్యం చెప్తామని హాలు హాలంతా నిలబడింది.

వేరే ఆస్పత్రిలో చెల్లెలి పెదవికి కుట్లు వేశారు, చేతికి కట్టు కట్టారు. అన్నయ్య మంచం పక్కన కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

“నా పాపం ఎన్ని జన్మలకీ పోదు తల్లీ. ఇంకెప్పుడూ ఆ ఇంటికి నిన్ను పంపను,” అన్నాడు. ముక్కు తుడుచుకుని అడిగాడు. “అయినా ఇన్నేళ్ళు కాపురం చేశావు, వాడి జవాబు ఒక్కటీ తెలియలేదటే నీకు? సరిగ్గా చెప్పి ఉంటే అంతమందిలో, నా కళ్ళముందు, నిన్నలా కొట్టేవాడు కాదుగా!”

“మూడూ తెలుసు,” అంది ఆమె, కుట్లు లాగుతుంటే మెల్లగా, “అందుకే చెప్పలేదన్నయ్యా.”