ఉన్నదున్నట్టు

"మూడు కంప్యూటర్లకి మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లెందుకు, దండగ! నీ దాంట్లో ఉన్నదే నాకూ అమ్మకీ వేసెయ్," అన్నాడు నాన్న.

"ఒక కాపీ ఒక్కదానికే వెయ్యాలట నాన్నా," అంది ఎనిమిదో తరగతి కూతురు.

"ఎవరు చూడొచ్చార్లే. ఉన్నదున్నట్టు దింపెయ్."

ఉన్నదున్నట్టే దింపేసింది.

మర్నాడు రాత్రి నాన్న తన కంప్యూటర్‌లో ఆఫీసు మేనేజరుతో చదరంగం ఆడుతున్నాడు. ఆర్నెల్లుగా ఓడిపోతున్నవాడు, ఇంకొక్క ఎత్తు వేస్తే మేనేజరు ఆట కట్టు. సరిగ్గా అప్పుడే ఎనిమిదైంది. తెర నల్లబడి, దాని మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి: "ఆటలు చాలు. ఇంకా కావాలంటే అమ్మనడుగు."

అది కూతురి కంప్యూటర్‌కి వేసిన తాళం. పిల్ల ఆటల్లో పడి చెడిపోతోందని పోయిన నెల నాన్నే పోరు పెట్టి అమ్మచేత వేయించాడు.

పక్కగదిలోకి పరుగెత్తాడు. అమ్మ తన కంప్యూటర్‌లో పేకాడుకుంటోంది.

"పాస్‌వర్డ్ చెప్పు, టైమైపోతోంది!"

అమ్మ తలెత్తలేదు. "హోంవర్క్ అయిందా?"

గుమ్మంలో నవ్వాపుకుంటున్న కూతురి మీద విరుచుకుపడ్డాడు నాన్న. "మీ అమ్మ దాంట్లోనూ అదే వేశావుగా! దానికి పడలేదేం తాళం?"

"పడింది నాన్నా. అమ్మ అమ్మనే అడిగింది. వెంటనే ఒప్పేసుకుంది."