ఊఁ అన్నావిడ

మేడ మీద అద్దెకున్నావిడ గదిలో మళ్ళీ ఏదో గుర్రుమంది.

కింద వాటాలో, కూతుర్ని టీవీ ముందు కూర్చోబెట్టి స్కూలు యూనిఫారాలు కుడుతున్న తల్లి మిషన్ ఆపింది.

"విన్నావా?" అంది ఇంటి ఓనరమ్మ గుమ్మంలోంచే. "ఆడమనిషి గొంతేనా అది? పులి దగ్గినట్టు లేదూ?"

"మొన్నయితే ఏడ్చింది కూడాను. ఆ వెంటనే ఫక్కున నవ్వింది."

"చూస్తే నోట్లో నాలుక లేనట్టుంటుంది."

"తలుపేసుకున్నాక మొలుస్తుంది కాబోలు."

ఇద్దరూ నవ్వుకున్నారు. అప్పుడు చూసింది తల్లి. టీవీ కట్టేసి ఉంది, పాప లేదు.

పాప రోజూ ఓ బొమ్మల సీరియల్ చూస్తుంది. ఓ పిల్లా, ఆ పిల్ల వెంట తిరిగే భూతమూ. పేరుకే పిల్లలది, అందులో చావులూ ఏడుపులూ అన్నీ ఉన్నాయని ఇరుగుపొరుగు అనగా వినడమే. అది వచ్చినంతసేపూ తల్లి మిషన్ మోతలోనే ఉంటుంది.

భర్త పోయినప్పుడు, నాన్న ఆఫీసు పని మీద కాంపుకెళ్ళాడని పాపకి చెప్పింది. ఆ రోజు నుంచీ పాప నోరు విప్పి మాట్లాడింది లేదు.

తల్లి గబగబా మెట్లెక్కింది.

పాప పై గది తలుపుకి చెవి ఆనించి కూర్చుంది. మాట్లాడుతోంది.

"మా నాన్న కాంపుకెళ్ళలేదు. చచ్చిపోయాడు."

లోపల గుర్రుమంది. తర్వాత బొంగురుగా, "ఊఁ."

"నాకు నాన్న మీద కోపంగా ఉంది."

"ఊఁ. ఉండనీ."

తల్లికి ఒళ్ళు మండింది. దబదబా తలుపు బాదింది. బక్కపల్చటి ఆవిడ తలుపు తీసింది.

"నా కూతురికి నాన్న లేడని చెప్పడానికి నువ్వెవరివి?"

"నేను చెప్పలేదమ్మా. తనే చెప్పింది. నేను ఊఁ అన్నానంతే."

"పసిదాని ముందు ఈ వేషాలేమిటి?"

"వేషాలు కావమ్మా, అది నా పని. నేను..."

"నీ పని ఇంకెక్కడైనా చేసుకో."

ఓనరమ్మా వంత పాడింది.

"ఏ ఇంట్లోనైనా ఇదే తంతు లెండి. మా అక్క వాళ్ళ ఊరు పోతాను" అంది ఆవిడ.

మర్నాడు పెట్టె, పరుపు, ఓ మైకు బండికెక్కించింది. పాప తల నిమిరింది.

"దానికన్నీ తెలుసమ్మా" అంది తల్లితో. "అడిగితే ఈసారి అబద్ధం చెప్పకండి."

పాప మళ్ళీ మూగనోము పట్టింది. అన్నం కూడా సగంలోనే వదిలేసింది.

ఆ సాయంత్రం తల్లి మిషన్ జోలికి పోలేదు. ఎలాగైనా దాన్ని మాట్లాడించాలని టీవీ ముందు పక్కనే చతికిలబడింది.

తెర మీద పిల్ల ఏడుస్తోంది.

"మా నాన్న ఇక రాడు కదా?"

భూతం గుర్రుమంది. తర్వాత బొంగురుగా, "ఊఁ."

అదే గొంతు. తల్లి ఉలిక్కిపడి పైకి, మేడ గది వైపు చూసింది.

"పైన ఎవరూ లేరుగా" అంది పాప, తెర మీంచి చూపు తిప్పకుండా. "నువ్వు వెళ్ళగొట్టింది ఈ భూతాన్నే."