పొగ లేని కమలాబాయి

"ఇయ్యాల అయిదింటి లోపల ఈ ఫారం పోకపోతే, వచ్చే శనివారం నుంచి నువ్వు రావద్దు పెద్దమ్మా" అంది ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చున్న లాస్య.

కమలాబాయి చేతిలోని నిమ్మకాయల దండ అట్లనే ఆగిపోయింది. రాంగోపాల్‌పేటలోని ఆ పెద్ద పార్సిల్ కంపెనీకి నలభై వ్యాన్లు. ప్రతి శనివారం వాటన్నిటికీ నిమ్మకాయ, మిరపకాయల దండలు కట్టేది ఆమే. పోయిన నెల మిద్దె మీద సోలార్ పలకలు పెట్టినప్పుడు, వాటికి దిష్టి తగలకుండా దండ కట్టింది కూడా ఆమే. ఈ పని పోతే ఆమె పొట్ట మీద కొట్టినట్టే.

"నేనేం తప్పు చేసిన బిడ్డా?"

"తప్పు కాదు. కంపెనీ కార్బన్ తగ్గిస్తుంది. మన మాటల చెప్పాలంటే పొగ. లైట్లు మార్చినం, సోలార్ పెట్టినం. మాది తగ్గితే చాలదంట, మాకు సరుకు ఇచ్చేటోళ్ళది సుత లెక్క చూపియ్యాలంట. నువ్వెంత పొగ వదుల్తవో చెప్పు, కంప్యూటర్ల రాస్తా."

"నేనా? పొగనా? అమ్మతోడు, చుట్ట సుత ముట్ట బిడ్డా!"

లాస్య నవ్వు ఆపుకుంది. "అది కాదే పెద్దమ్మా. దండలు కట్టనీకి కరెంటు ఎంత కాలుతది?"

"దండకు కరెంటెందుకు? పొద్దుగాల వాకిట్ల కూసొని గుచ్చుత."

"సున్నా. సరుకు ఏ బండి మీద తెస్తవ్?"

"మోండా మార్కెట్ల కొంట. నెత్తి మీద పెట్టుకొని నడుస్త."

"సున్నా. ప్యాకింగ్?"

"గంపల ఏసి మీద తడిగుడ్డ కప్పుత."

"అదీ సున్నానే. సరే, వచ్చే అయిదేండ్లల్ల ఎంత తగ్గిస్తవ్?"

కమలాబాయికి మతి పోయింది. "ఏం తగ్గించాలె? ఏడు మిరపకాయల కాడ ఆరు గుచ్చితే దిష్టి ఆగుతదా? రేపు ఏ వ్యానుకన్న ఏమన్న అయితే మళ్ళ నన్నే అంటరు!"

అక్కడ కూడా సున్నా కొట్టి లాస్య బటన్ నొక్కింది. తెర ఎర్రబడింది. 'మొత్తం పొగ సున్నా. ఈ సంస్థ పనిచేయడం లేదు. పేరు తొలగించబడుతుంది.'

"ఏమంటుంది?"

"నువ్వు లేవంటుంది పెద్దమ్మా."

"లేకపోవుడేంది? గీడ నిలవడ్డ గదా! జెర కండ్లు తెరిచి చూడమను దాన్ని!"

లాస్య పై అంతస్తులో ఉండే తన బాస్ విజయేందర్‌కు ఫోన్ చేసింది.

"సార్, దండల పెద్దమ్మకు పొగే లేదు. సున్నా ఏస్తే సిస్టమ్ తీసుకుంట లేదు."

"సున్నా ఎట్లుంటదమ్మా? మిద్దె నిండ సోలార్ పెట్టిన మనకే సున్నా రాలే! మళ్ళ అడుగు."

"అన్నీ అడిగిన సార్. చిన్న అంకె నేనే ఏసెయ్యాల్నా?"

"దొంగ లెక్క రాస్తివా, ఆడిట్‌ల దొరికి నీ నౌకరీ పోతది. నిజంగ ఉంటే రాయి, లేకపోతే పేరు తీసెయ్" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

లాస్య తల పట్టుకుంది. పొగ తగ్గించమని చెప్పేదీ ఈ సిస్టమే, పొగ లేదంటే మనిషే లేదనేదీ ఇదే. ఇదెక్కడి న్యాయమో ఆ పిల్లకు ఎంత ఆలోచించినా అంతుబట్టలేదు.

"ఏం చేస్తే ఆ డబ్బకు కనిపిస్త బిడ్డా?" అడిగింది కమలాబాయి.

"ఏదన్న కాల్చాలె పెద్దమ్మా, కరెంటో పెట్రోలో. కనీసం ఒక్కసారి ఆటో ఎక్కినా లెక్కకొస్తుండె" అని విసుగ్గా అనేసి, లాస్య మళ్ళీ తెర వైపు తిరిగింది. టైం నాలుగున్నర అయింది.

కమలాబాయి ఖాళీ గంప చంకన పెట్టుకుని గబగబా గేటు దాటింది. పాపం, ఏడ్చుకుంటూ ఇంటికి పోతోందనుకున్నాడు వాచ్‌మన్.

బయట రెండు ఆటోలు ఆగి ఉన్నాయి. ముందున్నది కొత్త కరెంటు ఆటో. "రా పెద్దమ్మా, కూసో" అని పిలిచాడు దాని డ్రైవర్. ఆమె అతని వైపు చూడనైనా లేదు. వెనక నల్లగా పొగలు కక్కుతున్న పాత డొక్కు ఆటో ఎక్కి, గంప ఒళ్ళో పెట్టుకుంది.

"ఏడికి పోవాలె?"

"ఏడికీ వద్దు బిడ్డా. అయిదు కాకముందే మళ్ళ గీడనే దింపు. అందాంక పొగ మంచిగ రానియ్!"