పావు సెకను

"అంకుల్, నా పేరు ఆ లిస్ట్‌లో ఉందా?"

తలుపుకు అడ్డంగా నిలబడి అడిగాడు రాజ్. నూట ఇరవై కిలోల కుర్రాడు అలా నిలబడేసరికి రాధాకృష్ణ ఆఫీసు గదిలో సగం వెలుతురు పోయింది.

రాధాకృష్ణ ఆ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాడు. బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తే ఆటను ఫుట్‌బాల్ అని ఎందుకంటారో ఇల్లినాయ్ వచ్చిన ఆరేళ్ళలో అతనికి బోధపడలేదు. అయినా 1983 జనవరిలో, దక్షిణాది జట్టు చేతిలో తమ జట్టు చిత్తుగా ఓడి వచ్చాక, కోచ్ అతన్నే పిలిపించాడు. ఇక్కడ పదేసి కాలేజీలు కలిసి ఒక కూటమి కట్టుకుంటాయి. దాన్ని కాన్ఫరెన్స్ అంటారు. ఉత్తరాది కాన్ఫరెన్స్ గొప్పదా, దక్షిణాదిదా అని ఊరూరా జుట్లు పట్టుకుంటారు.

"బలంలో ఎవరెక్కువ, వేగంలో ఎవరెక్కువ? కబుర్లు కాదు, నాకు అంకెలు కావాలి" అన్నాడు కోచ్.

రాధాకృష్ణ రెండు నెలలు కూర్చుని తేల్చాడు. బరువులెత్తడంలో ఉత్తరాదివాళ్ళదే పైచేయి. నలభై గజాల పరుగులో దక్షిణాదివాళ్ళు కాస్త ముందున్నారు. తమ కాలేజీ మాత్రం సొంత కాన్ఫరెన్స్‌లోనే అట్టడుగున ఉంది, మిగతావాళ్ళకంటే పావు సెకను వెనక. ఆ కాగితం చూసి కోచ్ మొహం మాడ్చుకున్నాడు. లైన్‌లో, అంటే ఎదుటివాళ్ళని అడ్డుకునే ముందు వరసలో ఆడేవాళ్ళలో ఐదు పాయింట్ మూడు సెకన్లు దాటినవాళ్ళకు స్కాలర్‌షిప్ ఆపేసి జట్టులోంచి తీసేస్తానన్నాడు. ఆ లిస్ట్ మీద సోమవారం సంతకం పెడతాడు.

"ఉంది రాజ్" అన్నాడు రాధాకృష్ణ, బల్లకేసి చూస్తూ.

"కానీ నేను స్లో కాదు అంకుల్. ప్రామిస్. లాస్ట్ ఇయర్ ఫైవ్ పాయింట్ టూ చేశాను. ఇప్పుడు ఫైవ్ ఫోర్ ఫైవ్ ఎలా వస్తుంది?"

"నవంబర్‌లో తలకి దెబ్బ తగిలింది కదా. దానివల్లేమో."

"అది నథింగ్. అమ్మని కొంచెంసేపు 'మేడమ్' అన్నాను, అంతే." రాజ్ నవ్వబోయి ఆగిపోయాడు. "ఈ గేమ్ లేకపోతే నాకు ఏం లేదు అంకుల్. మీరు కోచ్‌కి ఏమైనా చెప్పలేరా?"

"అంకెలు అవే చెబుతున్నాయి నాన్నా. నేనేం చెప్పను?"

రాజ్ తల దించుకుని వెళ్ళిపోయాడు. ఈ దేశం వచ్చిన కొత్తలో రాధాకృష్ణకు ఆరు నెలలు అన్నం పెట్టిన ఇంటి పిల్లాడు వాడు. రాధాకృష్ణకు ఆ పూట భోజనం సయించలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఉండబట్టలేక మైదానానికి వెళ్ళి పరుగుల కాగితాలు మళ్ళీ తిరగేశాడు. రాజ్ ఒక్కడే కాదు, జట్టులో ప్రతివాడూ పోయినేటికంటే నెమ్మదించాడు. అందరూ పావు సెకనే.

"ఈ టైములు ఎలా తీశారు?" అని మైదానం చూసుకునే ముసలాయన్ని అడిగాడు.

"పోయినేడాది దాకా స్టాప్‌వాచీలు. ఈ ఫిబ్రవరి నుంచి కరెంటు గడియారం. తుపాకీ పేలగానే దానంతటదే మొదలవుతుంది."

"మిగతా కాలేజీల్లో?"

"వాళ్ళవింకా వాచీలే."

రాధాకృష్ణ అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. తుపాకీ మోత చెవిన పడి, మనిషి బొటనవేలు వాచీ నొక్కేసరికి పావు సెకను కాస్తా ఎగిరిపోతుంది, వాచీ ఆ మేరకు తక్కువ చూపిస్తుంది. కరెంటు గడియారానికి చెవీ లేదు, వేలూ లేదు. కుర్రాళ్ళు నెమ్మదించలేదు, కొలిచే తీరు మారింది. పిల్లలకు లెక్కలు నేర్పేవాడై ఉండి తను, సెకన్లు దేనితో కొలిచారని ఒక్క మాట అడగలేదు. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

కోచ్ ఊళ్ళో లేడు, సోమవారం పొద్దున వస్తాడు. రాధాకృష్ణ కారు తీసి తిన్నగా అరోరా వెళ్ళాడు, రాజ్ తల్లిదండ్రుల దగ్గరికి.

తండ్రి ఉమామహేశ్వరరావు ఫోన్ల కంపెనీలో ఇంజనీరు. బేస్‌మెంట్‌లో పాత రేడియో విప్పుకుని కూర్చున్నాడు. తల్లి విజయశ్రీ కాఫీ పట్టుకొచ్చి మెట్ల దగ్గరే నిలబడిపోయింది.

"తప్పంతా నాదే అన్నయ్యగారూ" అని మొదలుపెట్టి రాధాకృష్ణ గడియారం సంగతి పూసగుచ్చినట్టు చెప్పాడు. "మనవాడు స్లో కాదు. సోమవారం పొద్దున్నే కోచ్‌కి ఎక్స్‌ప్లెయిన్ చేస్తాను. సంతకం అవ్వకముందే."

ఉమామహేశ్వరరావు తలెత్తలేదు. "రాజ్‌కి చెప్పావా?"

"లేదండీ. ముందు మీకు చెబుదామని వచ్చాను."

"ఎవరికీ చెప్పకు."

రాధాకృష్ణ తెల్లబోయాడు. "అదేంటండీ? వాడి ఆట పోతుంది."

"ఇంకొక్క దెబ్బ తగిలితే మనిషే మిగలడన్నాడు మాకు తెలిసిన డాక్టరు. టీమ్ డాక్టరేమో ఫిట్ అని రాసిచ్చాడు. రాజ్‌కి పందొమ్మిదేళ్ళు, వాడి ఇష్టం వాడిది. బతిమాలాను. కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. వాడూ వినలేదు, కోచ్ అసలే వినలేదు." ఉమామహేశ్వరరావు రేడియోలోని మర ఒకటి బిగించాడు.

"కొంచెంసేపే మర్చిపోయానంటాడు వాడు. రెండు గంటలు రాధాకృష్ణా" అంది విజయశ్రీ. "ఎవరండీ మీరు అని అడిగాడు నన్ను."

రాధాకృష్ణకు ఆమె బాధ అర్థమవుతూనే ఉంది, ఆఫీసు గదిలోంచి తలదించుకు వెళ్ళిన రాజ్ కూడా కళ్ళలో మెదులుతున్నాడు.

"కానీ తప్పుడు లెక్కతో వాడిని తీసేయడం అన్యాయం కదండీ" అన్నాడు చివరికి. "ఆ గడియారం ఎవరు తెచ్చి పెట్టారో గానీ, అదొక్కటీ రాకపోతే ఇంత జరిగేది కాదు."

ఉమామహేశ్వరరావు చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, మొదటిసారి అతని కళ్ళలోకి చూశాడు.

"ఆ గడియారం చేసిచ్చింది నేనే. కావాలనే."